నిజామాబాద్–బోధన్ ప్రాంతంలో రోడ్డు రద్దీ, వీధి సూచికల నిర్వహణ

నిజామాబాద్ నగరంలోనూ, అక్కడికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోధన్ చెరుకు సీమలోనూ రోడ్డు రద్దీని అదుపులో ఉంచడం, దారి చూపే బోర్డులు నిలపడం ఒక్క కార్యాలయం చేసే పని కాదు. నగరపాలక సంస్థ, పురపాలక సంఘం (వాడుకలో రెండూ బల్దియానే), గ్రామ పంచాయతీలు, రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల యంత్రాంగం, పోలీసు కమిషనరేట్, రవాణా శాఖ, ఆర్టీసీ, రైల్వే తలా ఒక చెయ్యి వేస్తేనే ఒక చౌరస్తా సాఫీగా నడుస్తుంది. ఈ ప్రాంతానికి మూడు ప్రత్యేకతలున్నాయి. జాతీయ రహదారి ఊళ్ల మీదుగానే వెళ్తుంది. రోడ్డు మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు కలిసి నడుస్తారు. చెరుకు, పసుపు, వరి పంటల రాకపోకలను బట్టి రద్దీ నెలనెలకూ మారుతుంది. ఇక్కడ రోడ్డు పాలన బాగుందా లేదా అన్నది ఈ మూడింటిని అది ఎంతగా లెక్కలోకి తీసుకుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

దారుల నేపథ్యం

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం వచ్చాక స్టేషన్ చుట్టూ వ్యాపారం పెరిగి ఊరు పట్టణమైంది. మంజీర నది మీద అచ్చంపేట వద్ద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువలు బోధన్, ఎడపల్లి, వర్ని, కోటగిరి పొలాల్లో చెరుకు సాగుకు ప్రాణం పోశాయి. ఆ చెరుకును గానుగాడించడానికి 1930ల చివర బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. జానకంపేట దగ్గర చీలే రైలు మార్గం బోధన్‌ను ప్రధాన మార్గంతో కలిపింది.

హైదరాబాద్ సంస్థానంలో ప్రభుత్వ బస్సులు నడిపింది కూడా రైల్వేనే. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. 1951లో అది రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1958లో ఆర్టీసీగా మారింది. పొలం, మిల్లు, స్టేషన్, బజారు మధ్య ఎడ్లబండ్లు తిరిగిన దారుల్లోనే తర్వాత బస్సులు, లారీలు, ఆటోలు, బైకులు వచ్చి చేరాయి. పాత నిజామాబాద్‌లో గాజుల్‌పేట, కోటగల్లి వంటి చోట్ల వీధుల ఇరుకుకు మూలం అదే.

నిజామాబాద్ పురపాలక సంఘం 2005 మార్చి 5న నగరపాలక సంస్థ అయింది. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 3 లక్షల 11 వేలకు పైగా ఉంది. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా వేరుపడిన సమయంలోనే నిజామాబాద్‌కు పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2017లో నగరాభివృద్ధి సంస్థ నుడా ఏర్పడింది. జిల్లాలో బోధన్, ఆర్మూర్, భీమ్‌గల్ పురపాలక సంఘాలు.

ఏ రోడ్డు ఎవరిది

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో, మిగతా రోడ్లు, పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో, మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 1992 నాటి 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలు రోడ్లు, వంతెనలతో పాటు వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులను పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులుగా పేర్కొంది. ఆ పట్టికలో ట్రాఫిక్ నియంత్రణ అన్న మాట మాత్రం లేదు. ఫలితంగా వీధి, వీధి దీపం, ఫుట్‌పాత్ బల్దియావి. ఆ వీధిలో వాహనాన్ని ఆపే, మళ్లించే అధికారం పోలీసులది. ఇంగ్లండ్‌లో పసుపు గీతలు ఎక్కడ గీయాలో, ఏ వీధిని వన్ వే చేయాలో స్థానిక కౌన్సిలే ఉత్తర్వు ఇస్తుంది. మన దగ్గర వీధిని చూసుకునే పని, వాహనాలను నడిపించే పని రెండు ఇళ్లలో ఉన్నాయి.

నిజామాబాద్ జిల్లాలో తూర్పున డిచ్‌పల్లి, ఆర్మూర్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి 2010కి ముందు 7వ నంబరుగా అందరికీ తెలుసు. మహారాష్ట్ర నుంచి బోధన్, నిజామాబాద్, ఆర్మూర్, జగిత్యాల మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు సాగేది 63వ నంబరు. నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ దాకా ఒకప్పుడు దీనికి 16వ నంబరు ఉండేది. జిల్లా కేంద్రాలనూ మండలాలనూ కలిపే పెద్ద రోడ్లను రోడ్లు భవనాల శాఖ, ఊరి రోడ్లను పంచాయతీరాజ్ ఇంజనీర్లు, పట్టణంలోని వీధులను బల్దియా చూస్తాయి.

దారిన పోయేవారికి ఈ తేడా తెలిసేది కిలోమీటరు రాయి వల్లనే. రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ రంగు అయితే గ్రామ సడక్ పథకం కింద వేసిన పల్లె రోడ్డు. పట్టణంలోకి వచ్చేసరికి ఆ గుర్తు కూడా కనపడదు. రోడ్డు మధ్యలో గుంత పడితే ఫిర్యాదు ఒక శాఖకు, పక్కనున్న మురికి కాలువ పొంగితే ఇంకో శాఖకు, పైన దీపం వెలగకపోతే మరో శాఖకు చేయాలి.

చట్టం ఇచ్చిన అధికారాలు

రద్దీ నియంత్రణకు ప్రధాన ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 112వ సెక్షన్ వేగ పరిమితుల గురించి చెబుతుంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక హద్దుల్లోని రోడ్లపై కార్లకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, ద్విచక్ర వాహనాలకు 60, ఆటోలకు 50. అవసరమైన చోట రాష్ట్రం దాన్ని తగ్గించవచ్చు. బడి ముందు, ఆసుపత్రి ముందు తక్కువ వేగం బోర్డు పెట్టడానికి మూలం ఇదే.

115వ సెక్షన్ ప్రజల భద్రత కోసం ఒక రోడ్డుపై కొన్ని రకాల వాహనాలను నిషేధించడానికి వీలిస్తుంది. నిషేధం నెల దాటితే గెజిట్‌లో ప్రకటించి, తగిన బోర్డులు నిలపాలి. నెలలోపే అయితే గెజిట్ అక్కర్లేదు గానీ స్థానికంగా ప్రచారం చేయాలి. పగటిపూట బజార్లలోకి లారీలు రాకూడదన్న ఆంక్షలకు చట్టంలో చోటు ఇక్కడే ఉంది.

116వ సెక్షన్ బోర్డులకు సంబంధించింది. చట్టం షెడ్యూలులో చూపిన పరిమాణం, రంగు, ఆకారంలోనే గుర్తులుండాలి. గుర్తును కప్పేసే, దానిలాగే కనిపించి తికమకపెట్టే ప్రకటన బోర్డులను తీసేయించే అధికారం ఉంది. గుర్తును ఎవరూ కావాలని తొలగించకూడదు, చెరపకూడదు. పొరపాటున వాహనం తగిలి బోర్డు దెబ్బతింటే 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. ఈ చివరి నియమం తెలిసినవారు తక్కువ. ట్రాలీ తగిలి వంగిన స్తంభం నెలల తరబడి అలాగే ఉండిపోకుండా కాపాడగలిగింది ఇదొక్కటే.

117వ సెక్షన్ వాహనాలు నిలిపే చోట్లను, బస్సులూ ఆటోలూ ఆగే చోట్లను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించమంటుంది. పోలీసులూ బల్దియా కలిసి కూర్చోవాలని చట్టమే చెప్పిన చోటు అది. 2019 సవరణతో చేరిన 198ఎ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో సంభవిస్తే బాధ్యత వహించిన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. చలానా అంటే వాహనదారుడికే కాదు, రోడ్డు వేసినవారికీ వర్తిస్తుందన్న భావం చట్టంలోకి అలా వచ్చింది.

సూచికలు: ఆకారం, రంగు

గుర్తులు మూడు రకాలు. పాటించి తీరవలసినవి గుండ్రంగా ఉంటాయి. ప్రవేశం లేదు, హారన్ కొట్టరాదు, పార్కింగ్ నిషేధం, వేగ పరిమితి ఈ కోవలోవి. ఆగుము గుర్తుకు ఎనిమిది భుజాలు, దారి ఇవ్వుము గుర్తుకు తలకిందుల త్రిభుజం. ఆ రెండింటికే ప్రత్యేక ఆకారాలు ఎందుకంటే దుమ్ము పట్టినా, వెలిసినా, రాత్రి మసకలో కనిపించినా అవి దేని గుర్తులో రూపం చూసే తెలియాలి. హెచ్చరికలకు ఎర్ర అంచు త్రిభుజం: మలుపు, ఇరుకు వంతెన, బడి, రైల్వే గేటు, పశువులు. సమాచారానికి దీర్ఘచతురస్రం: ఆసుపత్రి, పెట్రోలు బంకు, ఊరి పేరు, దూరం.

ఈ రూపాల వెనుక 1968 నాటి వియన్నా ఒప్పందం ఉంది. భారతదేశం 1980లో అందులో చేరింది. దేశంలో ప్రమాణాలు రాసేది 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. దాని 67వ సంఖ్య నియమావళి రోడ్డు గుర్తులకు, 35వది రోడ్డు మీది గీతలకు, 103వది పాదచారుల వసతులకు వర్తిస్తాయి. పాదచారులు నడిచే చోట బోర్డు అడుగు అంచు తలకు తగలనంత ఎత్తులో ఉండాలి. హెడ్‌లైటు పడితే మెరిసే రేకు అతికించాలి. చెట్టు కొమ్మ, కరెంటు స్తంభం, ఫ్లెక్సీ అడ్డు రాకూడదు.

ఈ చివరి నియమానికే తెలుగు పట్టణాల్లో ఎక్కువ గండి పడుతుంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ ఒక్క వారం నో ఎంట్రీ గుర్తును కప్పితే ఆ వారం ఆ వీధిలో చట్టం అమల్లో లేనట్టే. గుర్తే కనపడని చోట చలానా రాయడం న్యాయం కాదు కూడా. అందుకే ఫ్లెక్సీలు దించే బల్దియా సిబ్బంది పనిని ట్రాఫిక్ పనిగా చూడాలి.

బోర్డు మీద భాష

116వ సెక్షన్ గుర్తుల మీది మాటలను, అంకెలను రాష్ట్రం తగినవని భావించిన లిపిలో కూడా రాయించడానికి అనుమతిస్తుంది. తెలంగాణలో తెలుగు అధికార భాష కాగా, 2017లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా వచ్చింది. నిజామాబాద్, బోధన్ రెండు చోట్లా ఉర్దూ చదివేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇక్కడ బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉండడం అలంకారం కోసం కాదు, అవసరం కోసం.

బోధన్ దాటి సాలూర వైపు వెళ్తే మంజీర అవతల మహారాష్ట్రలోని బిలోలి. ఉత్తరాన కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర గోదావరిలో కలిసే త్రివేణి సంగమం. నాందేడ్ జిల్లాలోని బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇటు సరిహద్దు ఊళ్లలో మరాఠీ వినిపిస్తుంది. దేవనాగరి చదివే లారీ డ్రైవరు తెలుగు బోర్డు ముందు, తెలుగు చదివే ట్రాక్టరు డ్రైవరు మరాఠీ బోర్డు ముందు ఒకేలా తడబడతారు. మాట కంటే బొమ్మ గుర్తుకు ఇక్కడ విలువ ఎక్కువ. ఊరి పేరు లాంటి చోట, బొమ్మతో పని జరగనప్పుడు, దేవనాగరి లిపి కూడా తోడుగా ఉండాలి.

వీధి పేర్ల బోర్డులు బల్దియా బాధ్యత. ఖలీల్‌వాడి, గాజుల్‌పేట, కోటగల్లి, వినాయక్‌నగర్ అన్న పేర్లలోనే నగరం పెరిగిన క్రమం కనిపిస్తుంది. వాడి, పేట, గల్లి అన్నవి పాత ఊరివి. నగర్, కాలనీ అన్నవి తర్వాత వచ్చినవి. ఆసుపత్రులు నిండిన ఖలీల్‌వాడిలో వీధి పేరు స్పష్టంగా ఉండడం ప్రాణంతో ముడిపడిన విషయం. 108 అంబులెన్సుకు, పల్లె నుంచి రోగిని తెచ్చిన ఆటోకు ఆ బోర్డే దిక్కు.

చౌరస్తాలు, పార్కింగ్, బండ్లు

గాంధీచౌక్, నెహ్రూపార్కు, ఫులాంగ్, వర్ని చౌరస్తా, ఎన్టీఆర్ చౌరస్తా వంటివి నిజామాబాద్ రద్దీకి కీలక బిందువులు. సిగ్నల్ కొనడం, అమర్చడం, కరెంటు బిల్లు కట్టడం ఒకరి వంతు. ఏ దిక్కుకు ఎన్ని సెకన్లన్నది తేల్చి నడపడం ట్రాఫిక్ పోలీసుల వంతు. వీరి మధ్య ఒప్పందం కుదరని చోట దీపాలు ఊరికే మిణుకుమంటాయి.

చౌరస్తా మధ్యలో విగ్రహం నిలపడం తెలుగు పట్టణాల్లో ఆనవాయితీ. బహిరంగ రోడ్లపై, ఫుట్‌పాత్‌లపై కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. మహనీయుల మీద గౌరవానికి, డ్రైవరు చూపుకు అడ్డులేని కూడలికి మధ్య పోటీ ఉండనక్కర్లేదు. పార్కులో, రోడ్డు వారగా చోటు చూడవచ్చు.

పార్కింగ్ సమస్యకు మూలం భవనాల్లో ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు వాణిజ్య భవనాలు తమ విస్తీర్ణానికి తగ్గట్టు పార్కింగ్ స్థలం విడవాలన్నాయి. సెల్లారును దుకాణంగానో గోదాముగానో మార్చేస్తే అక్కడ ఆగవలసిన బైకులన్నీ రోడ్డెక్కుతాయి. వాటిని లాగే ట్రాఫిక్ పోలీసు వ్యాధి లక్షణానికి మందు వేస్తున్నాడు. వ్యాధిని పట్టగలిగింది బల్దియా పట్టణ ప్రణాళిక విభాగం.

తోపుడు బండ్లవారి విషయంలో 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం దారి చూపింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. సర్వే చేసి, ధ్రువపత్రం ఇచ్చి, అమ్మకానికి చోటు చూపాకే మిగతా చోట్ల ఆంక్షలు. పండ్ల బండిని ఇక్కడ తోలేస్తే సాయంత్రానికి పక్క మలుపులో ఉంటుంది. దానికో గీత, నీడ చూపితే రోడ్డూ మిగులుతుంది, ఆ ఇంట్లో పొయ్యీ వెలుగుతుంది.

పంటల కాలం, రోడ్ల కాలం

బోధన్ సీమలో చలికాలమంటే చెరుకు కాలం. ఒక ట్రాక్టరు వెనుక పక్కలకు పొంగిపొర్లే ట్రాలీ, దాని వెనుక దీపం లేని చీకటి. మిల్లు నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ దారుల్లో బండ్లు బారులు తీరేవి. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. 2024లో పునరుద్ధరణ కోసం ప్రభుత్వం కమిటీ వేసింది. మిల్లు ఆగినా చెరుకు ఆగలేదు. సాగు తగ్గింది, పండినది దూరపు ప్రైవేటు మిల్లులకు తరలుతోంది. అంటే ట్రాలీ ఊరి దారి వదిలి ఎక్కువ దూరం పెద్ద రోడ్డు మీద తిరుగుతోంది. వెనుక ఎర్ర రిఫ్లెక్టరు స్టిక్కరు లేని ట్రాలీని రాత్రి బైకు మీద వచ్చేవాడు దగ్గరికి వచ్చేదాకా చూడలేడు. సీజను మొదట్లోనే మిల్లు గేటు దగ్గర స్టిక్కర్లు అతికించడం చాలా తక్కువ ఖర్చుతో ఒక ప్రాణం కాపాడే పని.

చలి తగ్గేసరికి పసుపు వస్తుంది. దేశంలో పెద్ద పసుపు మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. 2025లో జాతీయ పసుపు బోర్డు ఇక్కడే మొదలైంది. కొమ్ముల బస్తాలతో వచ్చే డీసీఎం వ్యాన్లు, లారీలు మార్కెట్ యార్డు ముందు నిలిచే వేళలను యార్డు కమిటీ, పోలీసులు కలిసి నిర్ణయిస్తే చుట్టుపక్కల కాలనీలకు ఊపిరాడుతుంది.

ఇక వరి. ఏటా రెండు సార్లు, వానాకాలం పంట చేతికొచ్చే అక్టోబరు–నవంబరులో, యాసంగి పంట వచ్చే ఏప్రిల్–మేలో, పల్లె రోడ్లలో సగం వడ్ల పరుపవుతుంది. చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రి నల్ల కవరు కప్పుతారు. చీకట్లో ఆ రాళ్లు ప్రాణాలు తీస్తాయి. దారికి అడ్డం కలిగించడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద ఐదు వేల రూపాయల దాకా జరిమానా పడే నేరం. కానీ తేమ ఎక్కువుంటే కొనుగోలు కేంద్రంలో తూకం పడదు, ఆరబెట్టడానికి రైతుకు కల్లం లేదు. కల్లాలు కట్టించడం, కొనుగోలు కేంద్రాలకు గట్టి నేల చూపడం పంచాయతీ చేసే రోడ్డు భద్రత పని. ఆ లోపు కనీసం వడ్లకు రెండు చివర్లా మెరిసే గుర్తు పెట్టించడం, రాళ్ల బదులు ఇసుక సంచులు వాడమనడం సర్పంచి చేయగలిగినది.

స్పీడ్ బ్రేకర్లు, గేట్లు, వాననీళ్లు

ఊళ్లో ప్రమాదం జరిగిన మర్నాడు పుట్టే స్పీడ్ బ్రేకర్ కోపంతో పుట్టిందే గాని కొలతతో కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నియమావళి చెప్పిన గుండ్రటి హంపు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేవారికి నడుము విరగకూడదన్నది ఆ లెక్క. ముందు హెచ్చరిక బోర్డు, మీద తెల్ల చారలు తప్పనిసరి. జాతీయ రహదారులపై స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని కేంద్రం 2016లో చెప్పింది. గర్భిణి ఉన్న ఆటోకు, 108కు అడ్డగోలు దిమ్మెలు శిక్ష.

రైలు పట్టాలు నగరాన్ని చీలుస్తాయి. గేటు పడితే రెండు వైపులా బారులు. గేట్ల మీదుగా వంతెనలు కట్టే పనిలో రైల్వేకు, రాష్ట్రానికి వాటాలుంటాయి. కంఠేశ్వర్ దారిలోని రైల్వే కమాన్ కింద గట్టి వాన పడితే నీళ్లు నిలిచి వాహనాలు చిక్కుకున్న సందర్భాలున్నాయి. అక్కడ కావలసినవి కమాన్ ఎత్తు చెప్పే బోర్డు, నీటి లోతు చూపే గీతల స్తంభం, వాన మొదలవగానే మళ్లింపు. మోటారు పంపు బల్దియాది, మళ్లింపు పోలీసులది.

పండుగల వేళ

ఆషాఢంలో నిజామాబాద్ ఊరపండుగ, భాద్రపదంలో వినాయక నిమజ్జనం నగర వీధులను నిండా ఆక్రమిస్తాయి. నవీపేట మీదుగా బాసర గోదావరికి విగ్రహాల లారీలు బయలుదేరుతాయి. చట్టం కోరే స్థానిక ప్రచారం ఈ రోజుల్లో కీలకం. ఆంక్షలు పత్రికలో ఒక రోజు ముందు వచ్చి, చౌరస్తాలో మళ్లింపు బోర్డు లేకపోతే, పల్లె నుంచి వచ్చినవాడికి తెలిసే దారి లేదు.

ప్రమాద స్థలాలు, భద్రతా కమిటీ

సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్కపై మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో కలిగించిన ఐదు ప్రమాదాలు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ పనిచేయాలని సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఆదేశించింది. శాఖలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చునే చోటు అదే. అక్కడ పోలీసు ప్రమాదాల పటం తెస్తాడు, ఇంజనీరు మలుపు కొలత తెస్తాడు, మున్సిపల్ కమిషనరు దీపాల లెక్క తెస్తాడు. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తేనే కారణం తేలుతుంది.

ఆ బల్ల మీదికి ఇంకా రావలసినవి రెండున్నాయి. ఒకటి పంటల పంచాంగం: ఏ నెలలో ఏ దారిలో ఏ బండి ఎక్కువో చెప్పే పట్టిక. రెండోది బోర్డుల చిట్టా: ప్రతి స్తంభానికీ ఒక సంఖ్య, వెనుకవైపు అది ఏ శాఖదో, ఎప్పుడు నిలిపారో, ఎవరికి ఫోను చేయాలో. రెంజల్ నుంచి వడ్ల ట్రాలీతో వస్తున్న రైతు మలుపు దగ్గర వాలిపోయిన బోర్డు చూసి, ఎవరిదో వెతుక్కోనక్కర లేకుండా, అక్కడే నిలబడి ఫోను చేయగలగాలి.